ఒక్క వైరు కూడా కోయకుండా కారు డ్యాష్‌బోర్డులో నావిగేషన్ స్క్రీన్ బిగించుకోవడం ఎలా?

"ఆన్‌లైన్‌లో తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో తెప్పించాను. జీపీఎస్ కూడా ఉంది. ఇంట్లోనే బిగించుకోవచ్చా, కార్ డెకార్స్‌కే వెళ్లాలా?" విశాఖలో కారు ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీని తర్వాత ఎక్కువగా వచ్చేది ఇంకోటి: "షాపులో పెట్టించాను. పాటలు బాగానే వస్తున్నాయి. మ్యాప్‌లో బాణం మాత్రం పక్క వీధిలో తిరుగుతోంది, ఎందుకని?" రెండింటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ఇంట్లో బిగించుకోవచ్చు. స్క్రూడ్రైవర్ తిప్పడం అలవాటుండి, మల్టీమీటర్‌తో 12 వోల్టులు ఉన్నాయో లేవో చూడటం వస్తే చాలు. ఓ ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా పెట్టుకోండి. క్లిప్పులు విరిగేది తొందరపడినప్పుడే.

ఒక్క షరతు మాత్రం గట్టిగా చెబుతాను. కారుతో పాటు వచ్చిన వైరింగ్‌లో ఒక్క వైరు కూడా కోయొద్దు. "సార్, కట్ చేసి కలిపేస్తే అరగంటలో అయిపోద్ది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పని అరగంటలో అయిపోయే మాట నిజమే. ఆ అతుకులు మాత్రం కారు ఉన్నన్నాళ్లూ మీతోనే ఉంటాయి. మన ఊరి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. రాగి తీగ బయటపడిన ప్రతిచోటా పచ్చగా చిలుము పడుతుంది. టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. పైగా కోసిన వైర్లు చూస్తే సర్వీస్ సెంటర్‌లో ఎలక్ట్రికల్ వారంటీకి అడ్డం చెప్పే అవకాశం ఉంది. వైర్లు కోయకుండా ప్లగ్గులా తగిలించే కప్లర్‌తో చేసిన పనిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసేయొచ్చు.

మీ కారులో ఏసీ సెట్టింగులు కూడా కంపెనీ స్క్రీన్‌లోనే ఉంటే, లేదా స్క్రీన్‌కి 360 డిగ్రీల కెమెరా ముడిపడి ఉంటే, ఈ పని మొదలుపెట్టకండి. అలాంటి కార్ల పని తెలిసినవాళ్లకే వదిలేయడం మంచిది. మామూలు స్టీరియో ఉన్న కార్లు, స్టీరియో లేకుండా ఖాళీ మూత మాత్రమే ఉన్న బేస్ వేరియంట్లు ఉన్నవాళ్లు ముందుకు రండి.

కొనే ముందు చూసుకోవాల్సినవి

స్టీరియో పెట్టే ఖాళీకి రెండు ప్రామాణిక సైజులు ఉన్నాయి. సింగిల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. టయోటా కార్లలో 200 మి.మీ. వెడల్పు ఖాళీ తరచుగా కనిపిస్తుంది. ఏడంగుళాల స్క్రీన్లు డబుల్ డిన్‌లో కూర్చుంటాయి. తొమ్మిది, పది అంగుళాలవి ఆ ఖాళీలోకి పోవు, మోడల్‌ని బట్టి వచ్చే ఫ్రేమ్ మీద కూర్చుంటాయి. అందుకే నీట్‌గా కనిపించాలంటే స్క్రీన్ కంటే ఫ్రేమే ముఖ్యం. కారు మోడల్, తయారైన సంవత్సరం, వేరియంట్ మూడూ చెప్పి ఫ్రేమ్ కొనండి. ఒకే పేరున్న కారులో పాత మోడల్ ఫ్రేమ్ కొత్త మోడల్‌కి సరిపోదు. సరిపోని ఫ్రేమ్‌ని ఆకురాయితో అరగదీసి దూర్చే ప్రయత్నం వద్దు, మార్పించుకోండి.

ఫ్రేమ్‌తో పాటు మీ కారు కప్లర్ కూడా అడగండి. మారుతి కార్లలో 20 పిన్నులది, హ్యుందాయ్, కియా కార్లలో 24 పిన్నులది ఎక్కువగా కనిపిస్తుంది. పిన్నులు సరిపోయాయి కదా అని ఏదో ఒకటి తెచ్చేయకండి, లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు. స్టీరింగ్ బటన్లు, రివర్స్ సెన్సర్ల వంటివి కారు కంప్యూటర్‌తో మాట్లాడే మోడళ్లకి కప్లర్ మధ్యలో క్యాన్ బాక్స్ అనే చిన్న డబ్బా కూడా కావాలి. కొన్ని కార్లకి ఎఫ్ఎం యాంటెన్నా అడాప్టర్ కూడా వేరుగా కొనాలి.

ఇక జీపీఎస్. స్టీరియో వెనక "జీపీఎస్" అని రాసిన గుండ్రటి సాకెట్, పెట్టెలో మూడు మీటర్ల వైరుతో ఉన్న చిన్న నల్లటి డబ్బా, ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఫోన్‌లోని మ్యాప్‌ని స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే మాత్రమే ఉన్న చవక స్టీరియోల్లో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు. అవి ఫోన్ జీపీఎస్ మీదే నడుస్తాయి. అది తప్పేమీ కాదు. రోజూ ఫోన్ కనెక్ట్ చేసుకునే అలవాటున్నవాళ్లకి నేను అదే చెబుతాను, మ్యాప్ ఎప్పుడూ తాజాగా ఉంటుంది, పని కూడా సగం తగ్గుతుంది. ఇంట్లో నలుగురు నడిపే కారైతే, ఫోన్ లేకుండా కూడా పనిచేసేలా ఉండాలంటే, సొంత జీపీఎస్ ఉన్నది తీసుకోండి. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

దగ్గర ఉంచుకోవాల్సిన సామాను

ప్లాస్టిక్ ప్యానెళ్లు లేపే ప్లాస్టిక్ పట్టీల సెట్, స్టార్ స్క్రూడ్రైవర్ పొట్టిది, పొడుగుది, 10 నంబర్ పానా, మల్టీమీటర్, వైర్లకి చుట్టే గుడ్డ టేపు, కేబుల్ టైలు, పలచటి స్పాంజి టేపు, తడిసినా ఊడని డబుల్ టేపు, హెడ్ లైటు, స్క్రూలు వేసుకోవడానికి రెండు మూడు గిన్నెలు. గుడ్డ టేపు మామూలు కరెంటు షాపులో దొరక్కపోవచ్చు, గాజువాక ఆటోనగర్ వైపు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. నల్లటి పీవీసీ టేపుతో మొత్తం పని కానిచ్చేయొద్దు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు వేడికి అది జారిపోతుంది.

పని నీడలో చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్ బాగుంటుంది. కానీ సెల్లార్‌లో జీపీఎస్ రాదు. ఆ సంగతి మర్చిపోయి, స్క్రీన్ పాడైందని రిటర్న్ పెట్టేసేవాళ్లు ఉన్నారు. జీపీఎస్ పరీక్ష మాత్రం కారు బయటికి తెచ్చాకే.

ఇక పని మొదలు

1. ముందు ఉన్నది ఎలా ఉందో పరీక్షించండి. నాలుగు స్పీకర్లు మోగుతున్నాయా, ఎఫ్ఎం వస్తోందా, స్టీరింగ్ బటన్లు పనిచేస్తున్నాయా, డ్యాష్‌బోర్డులో ఏ హెచ్చరిక దీపాలు వెలుగుతున్నాయి అన్నీ చూసి ఫోన్‌లో వీడియో తీయండి. పని అయ్యాక వెనక ఎడమ స్పీకర్ మోగకపోతే, అది ముందే పోయిందో మీరు చేసినదానికి పోయిందో తేలాలి కదా. పాత స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉంటే అది రాసి పెట్టుకోండి.

2. కొత్త స్క్రీన్, ఫ్రేమ్, కప్లర్ మూడింటినీ బల్ల మీద కలిపి చూడండి. ఫ్రేమ్‌లో స్క్రీన్ చుట్టూ సందు సమానంగా ఉండాలి. పెట్టెతో వచ్చిన స్క్రూలే వాడండి. ఇంట్లో దొరికిన పొడుగు స్క్రూ బిగిస్తే లోపల బోర్డుకి తగిలి స్టీరియో పోతుంది.

3. తాళం తీసేసి చేతిలో పెట్టుకోండి. బ్యానెట్ ఎత్తి 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వదులు చేసి పక్కకి తీయండి. తర్వాత పది నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన కరెంటు పోవాలి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు రంగు కప్లర్లు, పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, ఊడదీయొద్దు, మల్టీమీటర్ అసలు పెట్టొద్దు.

4. స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ తీయండి. మీ మోడల్ పేరుతో వీడియో వెతికి, స్క్రూలు ఎక్కడ దాగి ఉన్నాయో, ఏ మూల నుంచి లేపాలో ముందే చూసుకోండి. చాలా కార్లలో ఏసీ గ్రిల్, హజార్డ్ స్విచ్ ఈ ప్యానెల్‌తోనే వస్తాయి. ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఒక్కో క్లిప్ దగ్గర కొద్దికొద్దిగా లేపండి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఎక్కడో స్క్రూ మిగిలిపోయిందని అర్థం. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే అంచున పడే గాటు ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. స్క్రూలు ప్యానెల్ వారీగా వేర్వేరు గిన్నెల్లో వేయండి.

5. పాత స్టీరియో స్క్రూలు విప్పి ముందుకి లాగండి. వెనక కప్లర్లకి ఒక నొక్కు ఉంటుంది, అది నొక్కి కప్లర్‌ని పట్టుకుని తీయాలి. వైర్లు పట్టుకుని గుంజొద్దు. ఊడదీసిన ప్రతి కప్లర్‌కీ ఫోటో తీయండి. లోపలికి జారిపోకుండా ఎఫ్ఎం యాంటెన్నా వైరుకి చిన్న టేపు ముక్క అంటించి బయటే ఉంచండి.

6. వైర్లు సరిచూడండి. కప్లర్ కొన్నాం కదా అని ఈ మెట్టు దాటేయొద్దు. తప్పుగా వచ్చిన కప్లర్లు ఉంటాయి. కొత్త స్టీరియో వైపు రంగులు సాధారణంగా ఇలా ఉంటాయి:

- పసుపు: తాళం తీసినా ఎప్పుడూ ఉండే 12 వోల్టులు
- ఎరుపు: తాళం ఏసీసీలో (ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్టీరియో వంటివి పనిచేసే స్థానంలో) పెట్టినప్పుడు మాత్రమే వచ్చే 12 వోల్టులు
- నలుపు: ఎర్తింగ్
- నారింజ: పార్కింగ్ లైట్లు వేస్తే స్క్రీన్ వెలుగు తగ్గించడానికి
- నీలం: ఎఫ్ఎం యాంటెన్నాకి కరెంటు
- నీలం మీద తెల్ల గీత: యాంప్లిఫయర్‌ని ఆన్ చేయడానికి
- తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి స్పీకర్లు. నల్ల గీత ఉన్నది నెగటివ్.

ఇవి స్టీరియో వైపు రంగులు. కారు వైపు రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటిని నమ్మొద్దు, కొలవండి. అందుకోసం కొత్త కప్లర్‌ని కారు కప్లర్‌కి తగిలించి, స్టీరియో వైపు మాత్రం ఖాళీగా వదిలి, బ్యాటరీ నెగటివ్ తాత్కాలికంగా పెట్టండి. మీటర్ నల్ల కడ్డీ కారు లోహపు బోల్టుకి ఆనించి, ఎర్ర కడ్డీతో చూడండి. తాళం తీసినప్పుడు పసుపులో 12 వోల్టులు ఉండాలి, ఎరుపులో సున్నా. తాళం ఏసీసీకి తిప్పితే రెండింట్లో 12. మళ్లీ తీస్తే ఎరుపు సున్నాకి రావాలి. కొన్ని యూరప్ కంపెనీల కార్లలో పసుపు, ఎరుపు తారుమారై ఉంటాయి. చాలా కప్లర్లలో అందుకే ఆ రెండు వైర్ల మధ్యలో ఊడదీసి మార్చుకునే చిన్న జాయింట్ ఇస్తారు. కొలత అయ్యాక బ్యాటరీ మళ్లీ తీసేయండి.

స్పీకర్ నెగటివ్ వైర్లని ఎర్తింగ్‌కి కలపడం చాలామంది చేసే పొరపాటు. ఇప్పటి స్టీరియోల్లో అలా కలిపితే లోపలి యాంప్లిఫయర్ కాలిపోతుంది. నాలుగు జతలూ విడివిడిగా వెళ్లాల్సిందే.

7. ఎర్తింగ్ గురించి విడిగా చెప్పాలి. కప్లర్‌లో వచ్చే నలుపు వైరు చాలావరకు సరిపోతుంది. బేస్ వేరియంట్‌లో కొత్తగా లాగాల్సి వస్తే డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కంపెనీ ఎర్త్ బోల్టుకే, రింగు టెర్మినల్ వేసి బిగించండి. బోల్టు కింద తుప్పు ఉంటే గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించండి. సముద్రానికి దగ్గర, ఉదాహరణకి పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు బయటే నిలిపే కార్లలో ఈ బోల్టులు చూడకుండా వదిలేయకండి. పెయింట్ మీద బిగించిన ఎర్తింగ్ ఈరోజు పనిచేసి వానాకాలంలో మొరాయిస్తుంది. సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి, ఆఖర్లో స్టీరియో పెద్ద సౌండ్‌తో నడుస్తుండగా నలుపు వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 లోపు ఉంటే బాగుంది. 0.3 దాటితే బోల్టు మళ్లీ శుభ్రం చేయాలి.

8. జీపీఎస్ యాంటెన్నా. బాణం పక్క వీధిలో తిరగడానికి నూటికి తొంభైసార్లు కారణం ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. స్టీరియో పెట్టినవాళ్లు ఆ నల్ల డబ్బాని వైరుతో సహా స్టీరియో వెనకే తోసేస్తారు. అక్కడ పైన ఇనుప బీమ్, చుట్టూ స్టీరియో బాడీ. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, సిగ్నల్ చాలా బలహీనంగా వస్తుంది. ప్లాస్టిక్, మామూలు అద్దం దాటి వస్తుంది, ఇనుము దాటి రాదు.

ఎక్కడ పెట్టాలి? నాకు నచ్చిన వరసలో చెబుతాను. మొదటిది, డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ కింద, ముందు అద్దానికి దగ్గరగా, పైన ఇనుము లేని చోట. బయటికి ఏమీ కనిపించదు, ఎండ నేరుగా తగలదు. రెండోది, స్పీడోమీటర్ పైనున్న ప్లాస్టిక్ గొడుగు లోపల. మూడోది, డ్యాష్‌బోర్డు మీదే డ్రైవర్ వైపు మూలన, అద్దం అడుగున. ఇది కనిపిస్తుంది కానీ సిగ్నల్ విషయంలో అన్నిటికంటే నమ్మకమైనది. డబ్బా బల్లపరుపుగా, అయస్కాంతం ఉన్న వైపు కిందికి, నున్నటి వైపు ఆకాశానికి చూడాలి. కింద అరచేతి సగమంత ఇనుప రేకు పెడితే సిగ్నల్ ఇంకా పెరుగుతుంది.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి: పాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత మీద, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న పక్క పిల్లర్ లోపల, డ్యాష్‌క్యామ్ పక్కన. చవక డ్యాష్‌క్యామ్‌లు, సిగరెట్ సాకెట్ చార్జర్లు జీపీఎస్‌ని చెడగొట్టే రేడియో రొద పుట్టిస్తాయి. స్టీరియోతో వచ్చే 4జీ, వైఫై యాంటెన్నాలని కూడా దీనికి ఓ జానెడు దూరంలో పెట్టండి. ముందు అద్దానికి లోహపు పూత ఉన్న కార్లలో, వెనక అద్దం కింద పార్సిల్ ట్రే దాకా లాగడం ఒక దారి. దానికి ఐదు మీటర్ల వైరున్న యాంటెన్నా కావాలి.

అంటించేయకముందే పరీక్ష చేయండి. అందుకే ఈ మెట్టులో డబ్బాని ఊరికే టేపుతో నిలిపి వదిలేయండి. పక్కాగా అంటించేది 11వ మెట్టు తర్వాతే.

9. మైకు, యూఎస్‌బీ, కెమెరా. స్టీరియోలోనే ఉన్న మైకు ఏసీ గ్రిల్ పక్కన ఉంటుంది కాబట్టి అవతలివాళ్లకి మీ మాటకంటే గాలి చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. పెట్టెలో వచ్చిన విడి మైకుని స్టీరింగ్ కాలమ్ మూత మీదో, సన్‌షేడ్ దగ్గరో పెట్టండి. యూఎస్‌బీ వైరు ఒకటి గ్లవ్ బాక్స్‌లోకి, ఒకటి గేర్ దగ్గరికి తీయండి. రెండోది వద్దనుకుంటే చివరికి మూత వేసి లోపలే కట్టేయండి.

రివర్స్ కెమెరా ఉంటే దానికి కరెంటు రివర్స్ లైటు వైరు నుంచి వస్తుంది, స్టీరియోలో "బ్యాక్" లేదా "రివర్స్" అని రాసిన వైరుకి కూడా అదే 12 వోల్టులు అందాలి. ఆ వైరు వదిలేస్తే కెమెరా ఉన్నా స్క్రీన్ మారదు. పార్కింగ్ బ్రేక్ అని రాసిన వైరుని శాశ్వతంగా ఎర్త్ చేసి, నడుస్తుండగా వీడియో వచ్చేలా చేయడం షాపుల్లో మామూలైపోయింది. దయచేసి అలా చేయించుకోవద్దు. డ్రైవర్ కంటి ముందు సినిమా ఆడే కారులో మీ పిల్లలే కూర్చుంటారు.

10. వైర్లు సర్దడం. బయటికి కనిపించే నీట్ ఫ్రేమ్‌తో వస్తుంది, ఎన్నేళ్లయినా చప్పుడు రాకుండా ఉండే నీట్ ఇక్కడ వస్తుంది. ప్రతి కప్లర్‌కీ గుడ్డ టేపు చుట్టండి. వాడని వైర్ల చివర్లు ఒక్కొక్కటిగా మూసేయండి, అన్నీ కలిపి ఒకే టేపు చుట్టొద్దు, రెండు కొసలు లోపల తగులుకుంటే ఫ్యూజ్ పోతుంది. మిగిలిన జీపీఎస్ వైరుని బిగుతుగా ముడి వేయకుండా ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా మడిచి గ్లవ్ బాక్స్ వెనక కట్టండి. వైర్ల కట్ట స్టీరియో వెనక అల్యూమినియం రెక్కలకి ఆనకూడదు, ఆ వేడికి స్టీరియో హ్యాంగ్ అవుతుంది. ఏసీ గొట్టానికి కూడా ఆనించొద్దు, మన తేమకి చల్లటి గొట్టం చెమట పడుతుంది. స్టీరింగ్ రాడ్, పెడల్స్, బ్లోయర్ దగ్గరికి ఒక్క వైరు కూడా వేలాడకూడదు. కట్టేశాక పెడల్స్ మూడూ నొక్కి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూడండి.

11. మూసేముందు పరీక్ష. స్క్రీన్‌ని సగం లోపలికి పెట్టి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పండి. స్టీరియో సెట్టింగుల్లో కారు మోడల్ ఎంచుకోమనే మెనూ ఉంటే మీ మోడల్ పెట్టండి, స్టీరింగ్ బటన్లు అక్కడే నేర్పించాలి. తేదీ, సమయం సరిచేయండి, టైమ్ జోన్ భారత్‌కి మార్చండి. తేదీ తప్పుంటే మ్యాప్స్‌లో లాగిన్ కూడా అవదు. బ్యాలెన్స్ (ఎడమ, కుడి), ఫేడర్ (ముందు, వెనక) సెట్టింగులతో ఒక్కో స్పీకర్‌ని విడిగా వినండి. ఎడమ నొక్కితే ఎడమే మోగాలి. తర్వాత ఎఫ్ఎం, రివర్స్ గేర్, పార్కింగ్ లైటు వేసినప్పుడు వెలుగు తగ్గడం, తాళం తీసినప్పుడు స్క్రీన్ ఆగిపోవడం, అన్నీ చూడండి.

ఇప్పుడు ప్యానెల్ లేకుండానే కారుని సెల్లార్‌లోంచి బయటికి, ఆకాశం బాగా కనిపించే చోటికి తీసుకెళ్లండి. జీపీఎస్ ఉపగ్రహాలు చూపించే ఉచిత యాప్ ఏదైనా స్టీరియోలో వేసుకోండి. మొదటిసారి లొకేషన్ పట్టడానికి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి. స్థానం తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి, బయట నిలిపితే పదికి పైగా కనిపించాలి. ఒక్కో గీత కింద ఉండే సిగ్నల్ అంకె 35 నుంచి 45 మధ్య ఉంటే బ్రహ్మాండం. అన్నీ 25 లోపే ఉంటే యాంటెన్నా స్థానం మార్చి మళ్లీ చూడండి. డ్యాష్‌క్యామ్ వైరు ఊడదీసి అంకెలు పెరిగాయేమో చూడండి. పెరిగితే దొంగ దొరికినట్టే. తృప్తిగా అనిపించాకే డబుల్ టేపుతో డబ్బాని పక్కాగా అంటించండి.

12. మూసేయడం. ఫ్రేమ్ వెనక అంచుకి పలచటి స్పాంజి టేపు అంటించి, స్క్రీన్‌ని నెమ్మదిగా లోపలికి తోయండి. ఆఖరి రెండు అంగుళాల దగ్గర అడ్డం తగిలితే తోయొద్దు. బయటికి తీసి వైర్ల కట్టని కిందికి, గ్లవ్ బాక్స్ వైపు జరపండి. స్క్రూలు నాలుగూ సగం సగం బిగించి, ఫ్రేమ్ వంకర లేదని ఎదురుగా కూర్చుని చూసి, అప్పుడు పూర్తిగా బిగించండి. హజార్డ్ స్విచ్ కప్లర్ పెట్టారా? ఎక్కువమంది మర్చిపోయేది అదే. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని కార్లలో ఆటో పవర్ విండో మళ్లీ నేర్పించాలి. అద్దం పూర్తిగా పైకి ఎత్తి స్విచ్‌ని కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి.

రోడ్డు మీద పరీక్ష

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వైపు వెళ్లండి. ఒకవైపు సముద్రం, పైన ఆకాశమంతా ఖాళీ, జీపీఎస్‌కి ఇంతకంటే మంచి రోడ్డు మన దగ్గర లేదు. ఇక్కడ కూడా బాణం రోడ్డు వదిలి నీళ్లలోకి పోతుంటే తప్పు యాంటెన్నాదే. ఉదయం పూట వెళ్తే ఎండ కుడివైపు నుంచి స్క్రీన్ మీద పడుతుంది. మ్యాప్ కనిపించకపోతే మెరుపులేని మ్యాట్ స్క్రీన్‌గార్డ్ వేయించండి.

తర్వాత ఎన్ఏడీ జంక్షన్ ఫ్లైఓవర్, ఆసీల్‌మెట్ట తెలుగుతల్లి ఫ్లైఓవర్, గాజువాక దగ్గర హైవే సర్వీస్ రోడ్డు. ఇక్కడ బాణం పైన ఉన్నారో కింద ఉన్నారో తేల్చుకోలేక తడబడితే కంగారు పడకండి. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా సహజం, ఫోన్‌లో కూడా అలాగే జరుగుతుంది. అది మీ బిగింపులో లోపం కాదు. అదే దారిలో ఫోన్ సరిగ్గా చూపించి స్క్రీన్ మాత్రం తప్పితే అప్పుడు 8వ మెట్టుకి వెనక్కి వెళ్లండి.

అరకు, పాడేరు, లంబసింగి వెళ్లే అలవాటుంటే ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతాల ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. ఘాట్ రోడ్డులో జీపీఎస్ వస్తూనే ఉంటుంది, పోయేది ఫోన్ నెట్‌వర్క్. మ్యాప్ బొమ్మ లేకపోతే బాణం తెల్ల కాగితం మీద కదులుతున్నట్టు ఉంటుంది.

ఇలా అయితే ఏం చేయాలి?

తాళం తీసిన ప్రతిసారీ సెట్టింగులు, ఎఫ్ఎం స్టేషన్లు చెరిగిపోతున్నాయి: పసుపు వైరుకి శాశ్వత కరెంటు అందడం లేదు. పసుపు, ఎరుపు తారుమారయ్యాయేమో చూడండి.

రెండు రోజులు కదపకపోతే బండి స్టార్ట్ అవడం లేదు: ఎరుపు కూడా శాశ్వత కరెంటుకే కలిసి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల పాయింట్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్‌కీ ఊడదీసిన వైరుకీ మధ్యలో కలపండి. తలుపులు మూసి, తాళం తీసి, అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. మీటర్ మధ్యలో ఉండగా బండి స్టార్ట్ చేయొద్దు, మీటర్ కాలిపోతుంది.

ఎఫ్ఎం గరగర: చాలా కార్లలో పైకప్పు యాంటెన్నాకి కరెంటు కావాలి, నీలం వైరు కలపలేదు.

ఇంజిన్ రేస్ చేస్తే స్పీకర్లలో కీచుమని పెరుగుతోంది: ఎర్తింగ్. ముందు స్టీరియోది, తర్వాత కెమెరాది చూడండి.

బాస్ లేకుండా పాట పలచగా వినిపిస్తోంది: ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి.

నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు: టేపు చుట్టని కప్లర్ ఏదో ప్లాస్టిక్‌కి తగులుతోంది. ఫ్రేమ్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. చప్పుడు ఆగితే అంచున స్పాంజి టేపు చాలు, ఆగకపోతే లోపల చూడాలి.

మధ్యాహ్నం ఎండలో నిలిపి తీస్తే స్క్రీన్ నెమ్మదిస్తోంది: ఐదు నిమిషాలు ఏసీ వేసి చూడండి. కుదురుకుంటే వేడి సమస్యే. వైర్ల కట్ట వెనక రెక్కలకి ఆనిందేమో చూసి జరపండి, ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి.

వానాకాలం దాటాక ఒకసారి గ్లవ్ బాక్స్ దించి ఎర్త్ బోల్టు, టైలు, యాంటెన్నా టేపు చూసుకోండి. పాత స్టీరియో, దాని బ్రాకెట్లు, మిగిలిన స్క్రూలు ఒక డబ్బాలో వేసి కారు పేరు రాసి దాచండి. కారు అమ్మేరోజు కప్లర్ తీసి పాతది పెట్టేయొచ్చు. స్క్రీన్‌ని తర్వాతి కారుకి, ఫ్రేమ్, కప్లర్ మాత్రం కొత్తవి కొని వాడుకోవచ్చు.